గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయినవాళ్ల కోసం: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇల్లు లేనివాళ్లు రాత్రిపూట తలదాచుకునే ఒక నైట్ షెల్టర్‌లో నేను రిజిస్టర్ రాస్తాను. లోపలికి వచ్చినవాళ్ల పేర్లు రోజూ ఎక్కిస్తాం. గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయినవాళ్లను రాయడానికి అందులో గడే లేదు.

ఒక రాత్రి ఒకావిడ వచ్చారు. ఫారంలో ‘శాశ్వత చిరునామా’ దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగిపోయారు. గుర్తింపు కార్డులో ఉన్నది మగపేరు, ఆవిడ చెప్పింది వేరే పేరు. ‘కార్డు ప్రకారం మగవాళ్ల హాల్లోనే పడుకోవాలి’ అన్నాను. ఆవిడ గొడవ పడలేదు. ఫారం నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి వెళ్లిపోయారు.

డ్యూటీ దిగి ఇంటికెళ్లి తాళం తీస్తుంటే చెయ్యి ఆడలేదు. ఆ తాళంచెవి నా కష్టార్జితమనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ కార్డులో పేరూ నా పేరూ ఒకటే కావడం, కష్టమొస్తే పిలవడానికి నలుగురు ఉండడం నేను సంపాదించుకున్నవి కావు.

అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ అనే మాట తెచ్చారు. ఒకే మనిషి మీద రెండు మూడు రకాల వివక్ష కలిసి పడడమని దానర్థం. నల్లజాతి స్త్రీలకు జరిగే అన్యాయాన్ని జాతి వివక్షగా విడిగా, స్త్రీ వివక్షగా విడిగా చూస్తే అది చట్టానికి దొరకదని చూపించారు. మా దగ్గరా అదే జరుగుతోంది. చక్రాల కుర్చీలో ఉన్న పెద్దాయనకీ, భర్త కొడితే బిడ్డనెత్తుకుని బయటపడిన అమ్మకీ ఒకే రకం మంచం చూపించి, అందరినీ సమానంగా చూస్తున్నామంటున్నాం. అలాంటి అమ్మలు చాలామంది రోడ్డు మీద పడుకోరు, తెలిసినవాళ్ల ఇళ్లలో పూటకొకచోట తలదాచుకుంటారు. రాత్రిపూట వీధుల్లో తిరిగి లెక్కపెడితే వాళ్లు కనబడరు. లెక్కలో లేకపోతే బడ్జెట్‌లోనూ ఉండరు.

‘ముందు తాగుడు మానాలి, తర్వాతే ఇల్లు’ అనే పద్ధతిని 1992లో న్యూయార్క్‌లో శామ్ త్సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త తిరగేశారు. ముందు ఇల్లిచ్చి, ఆ తర్వాత వాళ్లు కోరిన సాయం చేశారు. ఫిన్లాండ్ 2008లో ఇదే బాట పట్టి ఇల్లు లేనివాళ్ల సంఖ్యను బాగా తగ్గించింది. అంటే ఇది జరగని పనేం కాదు.

మంత్రి గారూ, మొదటి రాత్రికి కార్డు, చిరునామా అడగొద్దని ఉత్తర్వు ఇవ్వండి. పేరేమిటో, ఏ గదిలో భయం లేకుండా నిద్రపడుతుందో వచ్చిన మనిషినే అడగమనండి. మామీద ఫిర్యాదు చేయాలంటే మమ్మల్నే బతిమాలుకునే పరిస్థితి తీసేయండి. నిబంధనలు రాసే కమిటీలో రోడ్డు మీద బతికినవాళ్లను కూర్చోబెట్టి, ఆ పనికి జీతమివ్వండి. ఊరికే అభిప్రాయాలడిగి టీ ఇచ్చి పంపేయడం వాళ్లు చాలాసార్లు చూశారు.

ఇట్లు,
ఒక షెల్టర్ ఉద్యోగి