అది సెర్బియా జట్టు కాదు, నోవీ సాద్ జట్టు

సంపాదకుల వారికి,

ముగ్గురేసి ఆటగాళ్లు తలపడే త్రీ ఎక్స్ త్రీ బాస్కెట్‌బాల్ వార్తలకు క్రీడల పేజీలో చోటు దొరకడం సంతోషం. కానీ ఆ నాలుగు వరుసల్లోనే రెండు పొరపాట్లు తరచూ దొర్లుతున్నాయి. నగరాల జట్లకు దేశాల పేర్లు పెడుతున్నారు. స్కోరేమో అయిదుగురాట లెక్కలో చదివి, తక్కువ పాయింట్ల చప్పటి మ్యాచ్ అని తేల్చేస్తున్నారు.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2012లో మొదలుపెట్టిన వరల్డ్ టూర్‌లో ఆడేవి నగరాల జట్లు. ఏడాది పొడవునా వేర్వేరు నగరాల్లో మాస్టర్స్ టోర్నీలు జరుగుతాయి, చివర్లో ఫైనల్ ఉంటుంది. దేశాల పేరుతో ఆడేది ప్రపంచ కప్, ఒలింపిక్స్. 2014, 2015, 2018, 2019ల్లో టూర్ టైటిల్ సెర్బియా నగరమైన నోవీ సాద్‌ది. దాన్ని సెర్బియా అని రాస్తే, అదే దేశం నుంచి వచ్చే లీమన్ జట్టును ఏమనాలి? పైగా లీమన్ నోవీ సాద్ నగరంలోని ఒక పేటే. టోక్యో ఒలింపిక్స్‌లో లాత్వియాకు పురుషుల స్వర్ణం తెచ్చిన నలుగురూ టూర్‌లో తమ రాజధాని రీగా పేరుతో ఆడినవాళ్లే. అంతకాలం కలిసి ఆడినందువల్లే కోచ్ సైగ లేకుండా ఒకరి కదలిక ఇంకొకరికి తెలుస్తుంది. ఈ ఆటలో అది చాలా ముఖ్యం, ఎందుకంటే బెంచీ మీద కోచ్‌కు చోటే లేదు. కోర్టులో ముగ్గురు, పక్కన ఒక్క సబ్‌స్టిట్యూట్, జట్టుకు మ్యాచ్ మొత్తానికి 30 సెకన్ల టైమ్ అవుట్ ఒక్కటి.

ఇక స్కోరు. ఆట 10 నిమిషాలు. ఈలోగా 21 చేరిన జట్టు అక్కడికక్కడే గెలుస్తుంది. బుట్టకు 6.75 మీటర్ల దూరంలో ఉండే ఆర్క్ (వంపు గీత) లోపలి నుంచి వేస్తే 1 పాయింటు, బయటి నుంచి వేస్తే 2. ఈ చిన్న మార్పు ఆటను తలకిందులు చేస్తుంది. లోపలి నుంచి వంద షాట్లలో 50 పడితే 50 పాయింట్లు. బయటి నుంచి 30 మాత్రమే పడినా 60. అయిదుగురాటలో ఇవే షాట్లకు లోపల 100, బయట 90 వచ్చేవి. అందుకే డిఫెండర్లు ఆర్క్ దాటి వచ్చి మీద పడతారు, వాళ్ల వెనక ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి బంతితో దూసుకెళ్లే ఆటగాడి విలువ పెరుగుతుంది. బయటి షాటే లేని జట్టుకు ఈ ఖాళీ దొరకదు. కాబట్టి 21-15ను మామూలు లెక్కలో చూడకండి, పదే పది నిమిషాల్లో అది జోరైన ఆట.

బంతి చుట్టుకొలత ఆరో సైజుది (అయిదుగురాటలో మహిళల బంతి), బరువు ఏడో సైజుది (పురుషుల బంతి). కోర్టు 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు, బుట్ట ఒక్కటే. షాట్ క్లాక్, అంటే షాట్ వేయడానికి దొరికే గడువు, 12 సెకన్లు. పాయింటు పడ్డాక విజిల్ ఉండదు. పాయింటు ఇచ్చుకున్న జట్టు బుట్ట కిందే బంతి అందుకుని ఆర్క్ బయటికి తీసుకెళ్లాలి. కొత్త జట్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. షాట్ పడిందన్న సంబరంలో రెండు సెకన్లు నిలబడితే చాలు, అవతలివాళ్లు బయటికి పాస్ ఇచ్చి షాట్ వేసేస్తారు. రీబౌండ్ (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతి) పట్టిన డిఫెండర్ అక్కడి నుంచే షాట్ వేయడం ఇంకో తప్పు. బంతి పట్టినవాడి రెండు పాదాలూ ఆర్క్ అవతల ఉండాలి, గీత మీద వేలు ఆనినా బయటికి వెళ్లినట్టు కాదు.

ఫౌళ్లు జట్టు ఖాతాలో చేరతాయి, వ్యక్తిగత ఫౌళ్ల సంఖ్య చూసి ఎవరినీ బయటికి పంపరు. అయితే ఏడు, ఎనిమిది, తొమ్మిదో ఫౌళ్లకు అవతలి జట్టుకు రెండేసి ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోని, ఒక్కో పాయింటు షాట్లు). పదో ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలతో పాటు బంతి కూడా వాళ్లదే. అంటే ఏడో ఫౌల్ ఖరీదు ఒక బయటి షాటుతో సమానం. మొదటి అయిదు నిమిషాల్లోనే ఆరు ఖర్చు పెట్టిన జట్టు చివర్లో చేతులు కట్టుకుని డిఫెన్స్ ఆడాల్సిందే. ఎన్నో ఓటములకు అసలు కారణం ఇదే అయినా వార్తల్లో ఫౌళ్ల ఊసే ఉండదు.

పది నిమిషాల తర్వాత సమమైతే అదనపు సమయానికి గడియారం లేదు, ముందు 2 పాయింట్లు వేసినవాళ్లది గెలుపు. 2024 పారిస్ పురుషుల ఫైనల్లో ఫ్రాన్స్‌పై నెదర్లాండ్స్ 18-17తో గెలిచింది ఇలాగే. ఆఖరి షాట్ వర్తీ డి యాంగ్ ఆర్క్ బయటి నుంచి వేశాడు. ఆ షాట్‌కు రెండు పాయింట్లని చెప్పకపోతే ఒక పాయింటు వెనకబడ్డ జట్టు ఎలా గెలిచిందో పాఠకుడికి అంతుపట్టదు.

గ్రూపు పట్టిక వేసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం. గెలుపులు, ముఖాముఖి ఫలితం సమమైతే చూసేది పాయింట్ల తేడా కాదు, మ్యాచ్‌కు సగటున వేసిన పాయింట్లు. ఓటమి ఖాయమైన జట్టు కూడా చివరి సెకను దాకా షాట్లు వేసేది అందుకే.

మా విన్నపం చిన్నదే. నగరం పేరు ముందు రాసి దేశం పేరు ఆ తర్వాత ఇవ్వండి. స్కోరు పక్కన మ్యాచ్ 21తో ముగిసిందా, సమయం అయిపోయిందా, అదనపు సమయానికి వెళ్లిందా చెప్పండి. చోటుంటే బయటి షాట్లు ఎన్ని పడ్డాయో, జట్టు ఫౌళ్లు ఎన్నో కూడా వేయండి. రెండు వరుసలు చాలు.

ఇట్లు,
త్రీ ఎక్స్ త్రీ మ్యాచ్‌ల రిఫరీలు, స్కోరర్లు