లిఫ్ట్ పక్కన అతికించిన వాటర్ రిపోర్టు

ఒరేయ్ శీనుగా,

ఫోన్ ఎత్తట్లేదని తిట్టుకుంటున్నావని తెలుసు, మూడు వారాల్నించి మంచం మీదే ఉన్నాన్రా, పచ్చకామెర్లు. ముందు ఏదో జొరం అనుకున్నా, అన్నం వాసనకే వికారం, నాలుగో రోజు అద్దంలో చూస్కుంటే కళ్లు పసుపు పూసినట్టున్నయ్. ‘హెపటైటిస్-ఈ’ అన్నారు, మురుగు కలిసిన నీళ్లతో వచ్చే వైరస్ కామెర్లు. అమ్మేమో ఊర్నించి నేలఉసిరి పట్టుకొచ్చి పసరు తాగమని, డాక్టరేమో పసర్ల జోలికి పోవద్దని, మధ్యలో నేనూ నా మజ్జిగన్నం.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో నలుగురికి కూడా వచ్చింది. నల్లా నీళ్లు ల్యాబ్‌కి పంపితే ఈ-కోలి (మురుగు కలిసిందని పట్టిచ్చే బ్యాక్టీరియా) లేదు, తాగొచ్చు అని రిపోర్టొచ్చింది, ప్రెసిడెంట్‌గారు దాన్ని లిఫ్ట్ పక్కన అతికించి మరీ తిరుగుతున్నారు. అరే, ఈ జబ్బు బయటపడ్డానికి రెండు నించి ఎనిమిది వారాలు పడుతుంది, ఎప్పుడో తాగిన నీళ్లకి ఇవాళ్టి నీళ్లు సాక్ష్యమా? పైగా బ్యాక్టీరియా లేనంత మాత్రాన వైరస్ లేనట్టు కాదుగా!

పడుకుని ఫోన్లో ఇవే చదివా. 1955లో ఢిల్లీలో సేమ్ ఇదే కథ. వజీరాబాద్ దగ్గర యమునలోంచి నీళ్లు తోడే చోటికి నజఫ్‌గఢ్ కాలవ మురుగు ఎగదన్నింది, ప్లాంటు వాళ్లు పటికా క్లోరినూ పెంచారు, బ్యాక్టీరియాతో వచ్చే టైఫాయిడ్ పెరగలేదు. కానీ డిసెంబర్, జనవరిల్లో దాదాపు 29 వేల మందికి కామెర్లు! మురుగు ఎక్కువుంటే క్లోరిన్ అంతా దానికే ఖర్చయిపోద్ది, మట్టి రేణువుల్లో దాక్కున్న వైరస్ బతికిపోద్ది. అప్పుడు దాచిన రక్తం 1980లో మళ్లీ టెస్ట్ చేస్తే ‘హెపటైటిస్-ఏ’ అనే ఇంకో కామెర్ల వైరస్ కాదని తేలింది, నాకొచ్చిన ‘హెపటైటిస్-ఈ’ వైరస్ కనపడింది 1983లో, అదీ బలయాన్ అనే రష్యా డాక్టరు రోగుల మలం నించి తీసిన సరుకు తనే మింగి కామెర్లు తెచ్చుకుంటే. నాకు ఫ్రీగా వచ్చిందిలే.

అసలు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, చెల్లెమ్మకి ఏడో నెల అన్నావ్ కదా. మనకైతే మంచాన పడేసి వదిలేస్తది గానీ కడుపుతో ఉన్నవాళ్లకి, అందులోనూ చివరి మూడు నెలల్లో, ప్రాణం మీదికొస్తది. క్యాండిల్ ఫిల్టర్ ఉందిగా అనకు, దాని రంధ్రాల్లోంచి వైరస్ దర్జాగా దాటిపోద్ది. కళపెళా మరగనీ, ఒక నిమిషం అలాగే ఉంచి దించు. తనకి పళ్లు తోముకునే నీళ్లు కూడా అవే ఇయ్యి.

సీమంతానికి ఖాయంగా వస్తా, బాటిల్ ఊసు మాత్రం ఎత్తకు, డాక్టరు ఆర్నెల్లు బంద్ అన్నాడు.

నీ
పచ్చకళ్ల గాడు