ఇక్కడా మస్టరు తప్పలేదు రమణా

డాలస్ సమీపం నుంచి,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన రమణకు,

నీ ఉత్తరం చేరింది. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరు రాసే మస్టర్లు సరిచూసి సరిచూసి కళ్లజోడు నంబరు మారిందని వాపోతూ, అమెరికాలో నాకు అలాంటి తలనొప్పి ఉండదు కదా అని రాశావు. ఆ వాక్యం నా భార్యకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనకుండా భోజనాల బల్ల మీద నేను పరిచిన కాగితాల వైపు చూపించింది. అవన్నీ మస్టర్లే! కాకపోతే సంతకంతో ధ్రువీకరించిన ఈ వారపు కూలి పట్టికలను ఇక్కడ సర్టిఫైడ్ పేరోల్స్ అంటారు. ఎనిమిది నెలలుగా నా సాయంకాలాలు వీటితోనే గడుస్తున్నాయి.

నేను పనిచేసే స్కూల్ డిస్ట్రిక్టు సంగతి నీకు కొంత తెలుసు. మన జిల్లా విద్యాశాఖ కార్యాలయం లాంటిది కాదిది. ప్రజలు ఎన్నుకున్న బోర్డు దీన్ని నడుపుతుంది, సొంతంగా ఆస్తిపన్ను వేసుకుంటుంది, తన టెండర్లు తానే పిలుస్తుంది. కొనుగోళ్లు, చెల్లింపులు చూసే విభాగంలో మేము నలుగురం. కోవిడ్ కాలంలో పాఠశాలల కోసం వాషింగ్టన్ మూడు చట్టాల ద్వారా, అంటే 2020 మార్చి, 2020 డిసెంబరు, 2021 మార్చి నెలల్లో, మొత్తం సుమారు 19,000 కోట్ల డాలర్లు విడుదల చేసింది. తరగతి గదుల్లోకి మంచి గాలి వచ్చే ఏర్పాట్లకు కూడా ఆ డబ్బు వాడుకోవచ్చు అన్నారు కాబట్టి, మా బోర్డు రెండు బడుల పైకప్పుల మీదున్న పాత ఏసీ యూనిట్లను మార్చాలని తీర్మానించింది. ఆ డబ్బు వెంట 1931 నాటి చట్టం ఒకటి నడిచి వస్తుందన్న సంగతి మాకు తట్టలేదు.

దాని పేరు డేవిస్-బేకన్ చట్టం. ఇనుప కొలిమి కార్మికుడిగా జీవితం మొదలుపెట్టి కార్మిక మంత్రిగానూ, తర్వాత పెన్సిల్వేనియా సెనేటరుగానూ ఎదిగిన జేమ్స్ డేవిస్, న్యూయార్క్ ప్రతినిధి రాబర్ట్ బేకన్ కలిసి తెచ్చిన చట్టం ఇది. బేకన్ నియోజకవర్గంలో మాజీ సైనికులకు ప్రభుత్వ ఆసుపత్రి కట్టే పనిని అలబామా కాంట్రాక్టరు ఒకరు తక్కువ రేటుకు దక్కించుకుని, కూలీలను కూడా అక్కడి నుంచే వెంట తెచ్చుకున్నారట. స్థానిక కార్మికులకు పని పోయింది. దాంతో బేకన్ 1927లోనే బిల్లు పెట్టాడు. ఆర్థిక మాంద్యం ముదిరాక 1931 మార్చి 3న అధ్యక్షుడు హూవర్ దాని మీద సంతకం చేశాడు. ఇది చదువుతుంటే నాకు పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట ఊళ్లు దాటి వెళ్లే కూలీలే కళ్లముందు మెదిలారు. ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. ఆ అలబామా కూలీలు నల్లజాతివారు, ఆనాటి కాంగ్రెస్ చర్చల్లో కొందరు సభ్యులు ఆ సంగతిని ఎత్తి చూపిన తీరు చదవడానికే సిగ్గుగా ఉంటుంది. అలా పుట్టిన చట్టమే ఈనాడు మా పైకప్పు మీద పనిచేసిన వలస కార్మికుడికి అండగా నిలబడటం నాకు వింతగానే ఉంది.

చట్టం అడిగేది చూడటానికి చిన్నదే. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, డబ్బుతో 2,000 డాలర్లకు మించిన నిర్మాణ కాంట్రాక్టు ఇస్తే, ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఆ పనికి కార్మిక శాఖ ప్రకటించిన కూలికి తగ్గకుండా, వారం వారం చెల్లించాలి. ఆ 2,000 అంకె 1935 నుంచి మారలేదంటే నమ్ముతావా? అందుకే ఈ రోజుల్లో దాని కిందికి వచ్చే పనంటూ దాదాపు ఉండదు. కొత్త భవనం కడితేనే కాదు, మరమ్మతు చేసినా, రంగులు వేయించినా వర్తిస్తుంది. మా సొంత ఉద్యోగులు చేసుకునే పనికి మాత్రం వర్తించదు. మా వడ్రంగి తలుపు బిగిస్తే ఏ కాగితమూ అక్కరలేదు, అదే తలుపును కాంట్రాక్టరు బిగిస్తే ఫైలు తెరవాల్సిందే.

మరి మేమెక్కడ పొరపాటు పడ్డామంటావా? రెండు చోట్ల పడ్డాము, రెండింటిలోనూ నా చెయ్యి ఉంది. మొదటిది, మేము దీన్ని కొనుగోలుగా చూశాము. ఏసీ యంత్రాలు కొంటున్నాం, వాటిని అమ్మేవాళ్లే బిగించి వెళతారు, ఇందులో కట్టడం ఏముంది అనుకున్నాను. కానీ యూనిట్ల కింద కొత్త చట్రాలు కూర్చాలి, గాలి పోయే రేకు గొట్టాలు (డక్టులు) కోసి కలపాలి, కరెంటు తీగలు మార్చాలి, క్రేను రావాలి. అంత పని ఉన్నప్పుడు దాన్ని కొనుగోలు అంటే ఎవరూ ఒప్పుకోరు. రెండవది ఇంకా సూక్ష్మమైనది. టెక్సాస్ రాష్ట్రానికి కూడా ప్రభుత్వ పనుల్లో కూలి రేట్ల చట్టం ఒకటుంది, రేటుకు తక్కువ ఇచ్చిన కాంట్రాక్టరుకు మనిషికి రోజుకు 60 డాలర్ల జరిమానా కూడా పడుతుంది. ఆ నిబంధన మా కాంట్రాక్టు నమూనాలో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని చూసి, కూలి సంగతి ఎలాగూ రాశాము కదా అని ధీమాగా ఉన్నాము. అయితే రాష్ట్ర చట్టం ప్రకారం కాంట్రాక్టరు లెక్కలు తన దగ్గర ఉంచుకుంటే చాలు, ఫెడరల్ చట్టంలోనేమో అవి ప్రతి వారం సంతకంతో సహా మా దగ్గరికి రావాలి. పైగా రాష్ట్ర నిబంధన కింద మా బోర్డు ఎప్పుడో ఆమోదించిన రేట్లు పాతబడి, ఫెడరల్ రేట్ల కన్నా తక్కువగా ఉన్నాయి.

ఏడాదిలో 7,50,000 డాలర్లు, ఆపైన ఫెడరల్ డబ్బు ఖర్చుపెట్టిన సంస్థకు ప్రత్యేక ఆడిట్ ఉండేది (ఇప్పుడు ఆ హద్దును 10 లక్షలకు పెంచారు). ఆడిటరుగా వచ్చిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. కాఫీ తాగుతూ, ఏసీ పనికి సంబంధించిన వారాల పేరోల్స్ ఒకసారి చూపిస్తారా అని అడిగింది. అవి కాంట్రాక్టరు దగ్గర ఉంటాయి కదా అన్నాను. ఆమె ఏదో రాసుకుంది. మన వైపు ఆడిట్ అభ్యంతరం అంటే ఎంత హడావిడి ఉంటుందో నీకు తెలుసు, ఇక్కడ అది ఆ ఒక్క గీతతో నిశ్శబ్దంగా మొదలైంది.

ఆ తర్వాత తెలిసిందేమిటంటే, నిబంధనలు రాయడం మరచిపోయినంత మాత్రాన కార్మికుడి హక్కు పోదు. కాంట్రాక్టు మొదలైన రోజు నుంచే అమలయ్యేలా సరైన రేట్ల పట్టికను మార్పు ఉత్తర్వు ద్వారా చేర్చాలి, దానివల్ల పెరిగిన కూలి భారాన్ని కాంట్రాక్టరుకు మేము తీర్చాలి. అప్పటికి కోవిడ్ నిధుల గడువు దాటిపోయింది కనుక ఆ తేడా మా సొంత ఖాతా నుంచి పోయింది. బోర్డు సమావేశంలో ఆ తీర్మానం చదివిన పది నిమిషాలు నాకు చాలా పొడవుగా అనిపించాయి.

ఇక అసలు రుచి పేరోల్ చదవడంలో ఉంది రమణా. మీకు ప్రభుత్వ పనుల ప్రామాణిక ఎస్‌ఎస్‌ఆర్ రేట్లు ఉన్నట్టే ఇక్కడ కౌంటీవారీగా పట్టికలు ఉంటాయి. భవనాలకు, ఇళ్లకు, రోడ్లకు, ఇతర భారీ పనులకు వేరువేరు పట్టికలు, ప్రతిదానిలో ఎలక్ట్రీషియన్, ప్లంబరు, రేకుపని చేసేవాడు, క్రేను నడిపేవాడు, మామూలు కూలీ అంటూ విడివిడి రేట్లు. ప్రతి రేటుకూ రెండు ముక్కలు ఉంటాయి, ఒకటి మూల కూలి, రెండవది ఆరోగ్య బీమా, పింఛను వంటి ఫ్రింజ్ ప్రయోజనాల విలువ. ఉదాహరణకు మూల కూలి గంటకు 30, ఫ్రింజ్ 10 అనుకుందాం. కాంట్రాక్టరు 40 నగదుగా ఇచ్చినా సరే, 30 నగదు ఇచ్చి 10 బీమాకు కట్టినా సరే. 30 మాత్రమే ఇచ్చి ఊరుకుంటే దొరికిపోయినట్టే. లక్ష డాలర్లు దాటిన కాంట్రాక్టులో వారానికి 40 గంటలు మించితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి, అయితే ఆ సగం పెంపు మూల కూలి మీదనే గాని ఫ్రింజ్ మీద ఉండదు. అంటే గంటకు 45కు 10 కలిపి 55. మా సబ్ కాంట్రాక్టరు 45 దగ్గర ఆగిపోయే తరహా లెక్క వేశాడు. మోసం అనుకున్నాను గాని, వాళ్ల గుమస్తాతో మాట్లాడాక అది తెలియనితనమే అనిపించింది.

అన్నిటికన్నా కష్టమైనది వర్గీకరణ. కాగితం మీద ఆరుగురు మామూలు కూలీలు, ఒక్క మెకానిక్కు. ఇంతమందే కలిసి అంత డక్టు బిగించడం సాధ్యమా? నువ్వయితే పని కొలతలు రాసే ఎం-బుక్ చూడగానే చెప్పేవాడివి. రెండవ బడిలో పని ఇంకా జరుగుతుండగా, స్పానిష్ వచ్చిన సహోద్యోగిని వెంటపెట్టుకుని నిచ్చెన ఎక్కాను. నీ హోదా ఏమిటి అని అడగవద్దని, చేతిలో ఏ పనిముట్లు వాడుతున్నావో అడగమని ఆమె ముందే చెప్పింది. రేకు కత్తెరలు, స్క్రూ గన్నులు చూపించారు. కూలీ పని చేసేవాడికి చీపురు, బండి, గడ్డపార ఉండాలి. ఒకాయన ఉదయం నాలుగు గంటలు సామాను మోసి, మధ్యాహ్నం నాలుగు గంటలు డక్టు కలుపుతాడట. అలాంటప్పుడు గంటలు విడివిడిగా రాస్తే రెండు రేట్లూ ఇవ్వవచ్చు, రాయకపోతే రోజంతా పెద్ద రేటే ఇవ్వాలి. అప్రెంటిస్ అని చెప్పి తక్కువ ఇవ్వాలన్నా, నమోదైన శిక్షణ కార్యక్రమంలో అతని పేరు ఉండాలి. హక్కుల పోస్టరు, రేట్ల పట్టిక పనిచోట అందరికీ కనిపించేలా అంటించాలన్నది నియమం. ఇక్కడ రెండూ కాంట్రాక్టరు ట్రెయిలరు లోపల, తాళం వేసిన తలుపు వెనక ఉన్నాయి! బయట పెట్టిస్తే ఎండకు రెండు వారాల్లో వెలిసిపోయాయి, ప్లాస్టిక్ కవరు నేనే కొని తెచ్చాను.

చివరికి వర్గీకరణ తప్పిన వారందరికీ తేడా సొమ్ము చెక్కులు రాయించాము. ఇద్దరు మాత్రం ఈలోగా వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు, వాళ్ల కోసం ఇంకా వెతుకుతున్నాము. ఇప్పుడు మా కార్యాలయంలో ఒక పద్ధతి పెట్టుకున్నాము. ఫెడరల్ డబ్బు తగిలిన పనికి టెండరు పత్రంలో పట్టిక జతచేశారా లేదా అని ఇద్దరు చూసి సంతకం చేయాలి, ఆ వారం పేరోల్ చేరనిదే బిల్లు కదలదు. కాంట్రాక్టర్లు విసుక్కుంటున్నారు. విసుక్కోనీ.

ఈ రాత్రి నా ముందున్న కాగితం మాత్రం కొరుకుడు పడటం లేదు. ఒకే శుక్రవారం, ఒకే పేరు, అవే గంటలు, రెండు బడుల పేరోల్స్‌లోనూ ఉన్నాయి. చివరి నాలుగు గుర్తింపు అంకెలు కూడా ఒకటే. సంతకం పెట్టిన వ్యక్తి అంతా నిజమని ధ్రువీకరించాడు. మీ మస్టర్లలో ఒకే మనిషి రెండు చెరువుల దగ్గర తేలినప్పుడు నువ్వు మొదట ఎవరిని అడిగేవాడివి, మేస్త్రీనా, ఆ మనిషినా? గురువారం కాంట్రాక్టరుతో సమావేశం ఉంది, ఆలోపు వీలైతే ఫోను చెయ్యి.

నీ
శేఖర్