లూప్ వేసే గది పక్కన బాత్రూమ్ తెరిచి ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు పుట్టకుండా గర్భసంచిలో పెట్టే కాపర్ టీ, అంటే లూప్, వేయించుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు ఆస్పత్రిలో ముందు కావాల్సింది నీళ్లు వచ్చే, శుభ్రంగా ఉండే బాత్రూమ్. ఇదొక సౌకర్యం సంగతే అనుకోకండి. లూప్ సరిగ్గా పడటానికీ దీనికీ సంబంధం ఉంది.

మూత్రసంచికి వెనకే గర్భసంచి ఉంటుంది. ఎక్కువమందిలో అది ముందుకు వంగి మూత్రసంచి మీదకు ఒరిగి ఉంటుంది, కొందరిలో వెనక్కి ఉంటుంది. మూత్రం నిండేకొద్దీ మూత్రసంచి దాన్ని వెనక్కి నెడుతుంది. లూప్ వేసే ముందు డాక్టరమ్మో సిస్టరో ఒక చేత్తో లోపల, రెండో చేత్తో పొత్తికడుపు మీద నొక్కి గర్భసంచి ఎటు వంగి ఉందో చూస్తారు. సన్నటి కడ్డీతో లోతు కొలిచి, ఆ వంపును బట్టే లూప్ గొట్టాన్ని లోపలికి పంపుతారు. మూత్రం నిండుగా ఉంటే చేతికి గర్భసంచి సరిగ్గా అందదు. నొక్కినప్పుడల్లా ఆమెకు ప్రాణం పోయినట్టుంటుంది, ఒళ్లంతా బిగుసుకుపోతుంది. వంపు తెలియకుండా గొట్టం పంపితే గోడకు గుచ్చుకునే ప్రమాదం ఉంది. అది అరుదే, కానీ కొని తెచ్చుకోవడం ఎందుకు?

ఈమధ్య మా తోడికోడలికి తోడుగా ఒక ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాను. కడుపుతో ఉన్నప్పుడు స్కానింగ్‌కి నీళ్లు తాగి ఆపుకోమన్నారు కదా అని, ఈసారీ బస్సులోనే సీసాడు నీళ్లు తాగేసింది. అక్కడ బాత్రూమ్‌కి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. బల్ల మీద పడుకోబెట్టాక "ఒళ్లు వదులుగా ఉంచమ్మా, ఎందుకలా బిగపడతావ్" అని కసురుకున్నారు తప్ప, ఒంటేలుకెళ్లొచ్చావా అని ఒక్కరూ అడగలేదు. చివరికి తనే సిగ్గు విడిచి చెప్పి, కిందికి దిగి, ప్రహరీ వెనక్కి వెళ్లొచ్చింది. ఆ తర్వాత పని తేలిగ్గానే అయిపోయింది.

పొట్ట మీద నుంచి తీసే స్కానింగ్‌కి మూత్రం నిండుగా ఉంటేనే గర్భసంచి బాగా కనబడుతుంది. స్కాన్‌లో చూస్తూ లూప్ వేసేటప్పుడు, వంపు కాస్త తిన్నబడుతుందని కొందరు డాక్టర్లు మూత్రం ఉండనిస్తారు. ఎప్పుడు ఏది కావాలో ఊరి నుంచి వచ్చిన మనిషికి ఎలా తెలుస్తుంది? సిబ్బందే చెప్పాలి.

మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఇప్పటికీ ఆడవాళ్ల ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూసినా, పెళ్లైన పదిమందిలో సుమారు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. ప్రభుత్వాస్పత్రిలో ఉచితంగా వేసే కాపర్ టీల్లో 380ఎ రకం 10 ఏళ్లు, 375 రకం 5 ఏళ్లు పనిచేస్తుంది. పిల్లలు కావాలనుకుంటే తీయించుకోవచ్చు. కానీ బల్ల మీద బాధపడి వచ్చిన మనిషి వీధిలో చెప్పే ఒక్క మాటతో ఇంకో నలుగురు వెనక్కి తగ్గుతారు.

కాబట్టి జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులకు నా విన్నపం. లూప్ వేసే గది దగ్గర బాత్రూమ్ పనివేళల్లో తెరిచే ఉంచండి, తాళంచెవి డ్యూటీ సిస్టర్ దగ్గర ఉండనివ్వండి. బల్ల ఎక్కించే ముందు ఒంటేలుకెళ్లొచ్చారా అని తప్పక అడగమనండి. స్కానింగ్‌కీ లూప్‌కీ ఉన్న ఈ తేడాని ఆశా కార్యకర్తలు ఊళ్లో బయల్దేరే ముందే చెబితే ఇంకా మంచిది.

— ఒక పాఠకురాలు, చీపురుపల్లి, విజయనగరం జిల్లా