అమ్మ ఇచ్చిన బీరగింజలు

తిరుపతి,
జూన్ 28

రేయ్ రమణా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ముందు తిట్టాల్సినంత తిట్టేయ్, తర్వాత చదువు. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, పాప ఆరో తరగతిలో చేరింది. సరే, అసలు సంగతికి వస్తా. మీ అమ్మ నీకు సగం చెప్పే ఉంటుంది, అయినా నా నోట విను.

చిత్తూరు వచ్చినప్పుడు అమ్మ ఒక ఎండు బీరకాయ ఇచ్చింది కదా, పాప దాన్ని బస్సులో గలగలా ఊపుకుంటూ వచ్చింది. మృగశిర కార్తె మొదట్లో ఒక మంచి వాన పడింది. వెంటనే పెరట్లో ఆరు పాదులు తవ్వి, మాగిన పేడ ఎరువు, వేపపిండి కలిపి, రాత్రంతా నానబెట్టిన గింజలు పాదుకి మూడు చొప్పున పెట్టా. ఆరో రోజు తెల్లారేసరికి మట్టి పగిలింది. మెడ వంచుకున్న మొలక, నెత్తిన ఇంకా ఆ నల్ల గింజ తొక్క! గోటితో తీసేద్దామని చెయ్యి పెట్టి, భయమేసి వెనక్కి తీసుకున్నా. సాయంత్రానికి అదే రాల్చుకుని రెండాకులు విప్పింది. పద్దెనిమిదికి పద్నాలుగు మొలిచాయిరా!

ఇంకో ఐదు రోజులకి పొద్దున్నే చూస్తే ఆకులు జల్లెడ. బియ్యపుగింజంత ఎర్ర పెంకు పురుగులు. చాలా మొలకలకి కాడలే మిగిలాయి. నిజంగా ఏడుపొచ్చింది. మందు కొందామని చెప్పులు కూడా వేసుకున్నా, ఎందుకో ఆగి అమ్మకి ఫోన్ చేశా.

"మందెందుకు నాయనా? ఎండెక్కితే అవి ఎగిరిపోతాయి, చల్లపొద్దునే మందకొడిగా ఉంటాయి, అప్పుడు ఏరెయ్. ఆకుల మీద నీళ్లు చిలకరించి బూడిద చల్లు. పాదులో మట్టి పైపైన కదిలించు, వాటి పిల్లలు వేర్లు తింటాయి" అంది.

బూడిద ఎక్కడిది మనకి? వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని అడిగితే డబ్బా నిండా బొగ్గుల బూడిద ఇచ్చాడు. మర్నాడు ఐదున్నరకే పాప టార్చి పట్టుకుంది, నేను ఒక్కోదాన్నీ ఏరి సబ్బునీళ్ల మగ్గులో వేశా. మొదటిరోజు ఇరవై మూడు. పాప నోటుబుక్కులో రాసింది. నాలుగోరోజుకి రెండే.

ఐదు మొక్కలు బతికాయి. గరుకాకులు మూడేసి వచ్చాయి. గోడవారగా ఉన్నదానికి 'హాస్టల్ గోడ' అని పేరు పెట్టా, ఎందుకో నీకు చెప్పాలా? ఖాళీ పాదుల్లో మిగిలిన గింజలు మళ్లీ పెట్టా. బెండ కూడా వేశా, దాని కథ... అది తర్వాత.

ఆగస్టు మొదట్లో కాయలొస్తాయి. అమ్మని తీసుకుని రా, సంగటి, బీరకాయ ఊరిబిండి చేయిస్తా. రైల్లో వస్తే పాకాలలో మాత్రం దిగకు!

ఇంకా ఏదో రాయాలనుకున్నా... పందిరికి చవుకు కర్రలు వచ్చాయి, బయట బండి హారన్ కొడుతున్నాడు. ఉంటారా.

నీ
శీను