ఆ కొమ్మల మీద ఉన్నది మంచు కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మోటర్‌హోమ్‌లో, అంటే ఇల్లులా అమర్చిన బండిలో, స్పెయిన్, ఫ్రాన్స్ తిరగడం గురించి వేసిన వ్యాసం చదివాను. రాసినవారెవరో సరదాగానే రాశారు. నా పేచీ అంతా ఫొటోతోనే. పైన్ చెట్ల కింద ఆగిన బండి, చక్రం పక్కన కట్టేసిన కుక్క, దాని నెత్తి మీది కొమ్మల్లో తెల్లటి ముద్దలు. కింద మీవాళ్లు ‘కొమ్మలకు పూసిన మంచు’ అని రాశారు. పక్కనే కుర్చీలో కూర్చున్నాయన పొట్టి చేతుల చొక్కాలో ఉన్నాడు. మంచు పడుతుంటే ఎవరైనా అలా కూర్చుంటారా అనైనా ఎవరికీ తోచలేదు. ఫోన్‌లో పెద్దది చేసి మా ఆవిడకి చూపించాను. “ముందు ఆ కుక్కని అక్కణ్నుంచి విప్పమని రాయండి” అంది. ఆవిడ మాట మీదే ఈ ఉత్తరం.

నేను ఇంగ్లండ్‌లో 28 ఏళ్లు సిటీ బస్సు తోలి రిటైరైనవాణ్ని. నాలుగేళ్లుగా చలికాలం దక్షిణ స్పెయిన్‌లో గడిపి, మార్చిలో ఉత్తరానికి తిరిగొస్తున్నాం. బండి పొడవు 7 మీటర్లు, బస్సు తోలినవాడికి అదో లెక్క కాదు. మాతోపాటు రెండు కుక్కలు. సీతాలు 11 ఏళ్ల లాబ్రడార్, మహా నిదానం. రెండోవాడు భీముడు. పేరు చూసి మోసపోకండి, డాష్‌హండ్, నేలకి జానెడెత్తు. ముక్కు ఎప్పుడూ మట్టిలోనే.

ఆ ముక్కే కొంప ముంచింది. రెండేళ్ల కిందట ఫిబ్రవరి చివర్లో రోండా దగ్గర కొండల్లో ఓ పైన్ తోపు పక్కన టీ కోసం ఆగాం. కొమ్మల చివర దూది ఉండల్లాంటివి కనిపించాయి. మేమూ మీవాళ్లలాగే చూసి మురిసిపోయాం. కింద బాట మీద గోధుమరంగు తాడు ఒకటి అడ్డంగా పడి ఉంది. తాడు కదులుతోంది. వంగి చూస్తే గొంగళిపురుగులు, ఒకదాని తోకకి ఇంకోదాని తల ఆనించి, నలభై యాభై ఉంటాయి, ఒకే వరసలో వెళ్తున్నాయి. ‘భలే ఉందే’ అని నేను ఫోన్ తీసేలోపే భీముడు వెళ్లి ఆ వరస మధ్యలో మూతి పెట్టాడు.

పది నిమిషాలు కాలేదు. నోట్లోంచి చొంగ తీగలా కారడం మొదలైంది. ముందు కాళ్లతో మూతి గీరుకుంటున్నాడు. నోరు తెరిపిస్తే నాలుక చివర వాచి, రంగు మారుతోంది. మా ఆవిడ గ్లవుజులు వేసుకుని గోరువెచ్చటి నీళ్లు సీసాతో ధారగా పోసింది. రుద్దలేదు. అది అదృష్టం, ఎందుకంటే రుద్దితే ఇంకా చెడుతుందని మాకప్పటికి తెలియదు. ఆ పురుగుల ఒంటి మీది నూగు మన కంటికి ఆనదు. తగిలిన చోట గుచ్చుకుని విషం దింపుతుంది. రుద్దేకొద్దీ నూగు విరిగి లోపలికి దిగుతుందట. మనిషికి తగిలినా దద్దుర్లు, కళ్లమంటలు తప్పవు. కొండ దిగి పశువుల డాక్టరు దగ్గరికి చేరేసరికి ముప్పావు గంట. డాక్టరమ్మ భీముణ్ని చూడగానే మా మాట వినకుండానే ‘ప్రొసెసియోనారియా’ అంది. వరస కట్టి నడిచే ఆ పురుగుకి స్పానిష్‌లో అదే పేరు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, రాత్రంతా సెలైన్ పెట్టి ఉంచింది. ప్రాణం దక్కింది. నాలుక చివర మాత్రం చిటికెన గోరంత నల్లబడి, వారం తర్వాత రాలిపోయింది. ఇప్పుడు వాడు గిన్నెలో నీళ్లు తాగితే సగం నేల మీదే.

మీ ఫొటోలో కొమ్మల మీద ఉన్నవి ఆ పురుగుల గూళ్లు. చలికాలమంతా వాటిలో ఉండి, జనవరికో ఫిబ్రవరికో, వాతావరణం వెచ్చదనాన్ని బట్టి, మట్టిలో దూరడానికి చెట్టు దిగుతాయి. ఏప్రిల్ దాకా ఈ బెడద ఉంటుంది. మాలాంటివాళ్లు ఉత్తరానికి బయల్దేరేది సరిగ్గా అప్పుడే. పైన్ చెట్లు, దేవదారు చెట్ల కిందే భయం. అందుకే ఇప్పుడు బండి ఆపేముందు చక్రాలకి చోటు తర్వాత, ముందు తల పైకెత్తి కొమ్మలు చూస్తాను.

మాట వచ్చింది కాబట్టి, ఆ కుర్చీ సంగతి కూడా. అది క్యాంప్‌సైట్ అయితే సరే. స్పెయిన్‌లో మామూలు పార్కింగ్ స్థలంలో బండి నిలిపి లోపల పడుకుంటే అది పార్కింగే. కుర్చీ బయట పెట్టినా, గుడారం చాపినా, బండి కింద జాకీలు దించినా దాన్ని క్యాంపింగ్ అంటారు, జరిమానా వేస్తారు. వ్యాసంలో ఈ ముక్క లేదు. గ్యాస్ ఎక్కడైనా నింపుకోవచ్చని కూడా రాశారు. బంకులు ఉన్నమాట నిజమే, కానీ స్పెయిన్ పంపు మూతికి సరిపోయే అడాప్టర్ ఫ్రాన్స్‌లో పట్టదు. రెండూ కొని డాష్‌బోర్డు అరలో పడేసుకోవాలి.

ఇక దారి. వ్యాసంలో మధ్యధరా తీరం వెంట బార్సిలోనా మీదుగా వెళ్లమన్నారు. నేనైతే కుక్కలున్నవాళ్లని అటు పంపను. సెవిల్యా నుంచి ఏ-66 హైవే పట్టుకుని నేరుగా ఉత్తరానికి వెళ్లడం మేలు. దారిలో వచ్చే ఎక్స్‌త్రెమదూరా ప్రాంతంలో గంటలకొద్దీ ఓక్ తోపులే, వాటి కింద నల్లపందులు కాయలు ఏరుకుంటూ ఉంటాయి. ప్రతి చర్చి గంటగోపురం మీదా కొంగల గూళ్లు. మెరీదాలో రోమన్లు కట్టిన వంతెన ఉంది, గ్వాదియానా నది మీద దాదాపు 800 మీటర్లు. బళ్లకి ప్రవేశం లేదు, కుక్కలతో నడవడానికి అంతకన్నా మంచి చోటు ఆ దారిలో నేను చూడలేదు. సీతాలు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లి, మళ్లీ వెనక్కి నడిచింది. ఈ మధ్య అంత దూరం అది నడవడమే లేదు. క్రీస్తుపూర్వం నాటి రోమన్ రంగస్థలం చూడ్డానికి మాత్రం వంతులేసుకున్నాం. ఆవిడ లోపలికి వెళ్తే నేను బయట, నేను లోపలికి వెళ్తే ఆవిడ బయట. ఎండలో బండిలో కుక్కల్ని వదిలి వెళ్లడం మా ఇద్దరికీ చేతకాదు. స్పెయిన్‌లో 2023లో వచ్చిన జంతు సంక్షేమ చట్టం కూడా ఒప్పుకోదు.

బెహార్ కనుమ ఎక్కగానే చలి మొదలవుతుంది. సలమాంకా, బుర్గోస్ రెండూ సముద్రమట్టానికి 800 మీటర్ల ఎగువన ఉన్నాయి. మార్చిలో రాత్రి హీటర్ వేసుకోవాల్సిందే. ఇరూన్ దగ్గర సరిహద్దు దాటితే ఫ్రాన్స్. అక్కణ్నుంచి బోర్దో దాకా లాంద్ అడవి. 19వ శతాబ్దంలో బురదనేలల్ని బాగుచేయడానికి నాటించిన పైన్ చెట్లు, మైళ్లకి మైళ్లు. అందరూ ఫొటోలు తీసుకునే ఆ అడవిలో మేం బండి దిగలేదు. భీముడు కిటికీలోంచి బతిమాలాడు, అయినా దిగలేదు.

బోర్దో దాటాక టోల్ రోడ్డు వదిలి ఎన్-10 మీద వెళ్లాం. లారీల రద్దీ ఉంటుంది, డబ్బు మిగులుతుంది. ఫ్రాన్స్‌లో చిన్న ఊళ్లు కూడా మోటర్‌హోమ్‌లకి ఓ స్థలం వదులుతాయి. నాణెమో టోకెనో వేస్తే నీళ్లు వస్తాయి, మురుగు వదులుకోవడానికి గుంట ఉంటుంది. హోటళ్లలో మాకు మెనూ ఇచ్చేముందు కుక్కలకి నీళ్లగిన్నె పెట్టారు. ఆ మర్యాద చూసి మా ఆవిడ ఆ దేశాన్ని పూర్తిగా క్షమించేసింది, ఏం తప్పు చేసిందో నాకు తెలియదు గానీ.

ఇప్పుడు వ్యాసంలోని అసలు మాటకి వస్తాను. ‘ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ ఆగండి, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు కదలండి’ అన్నారు. మాలాంటి బ్రిటిష్ పాస్‌పోర్టువాళ్లని ఆ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు, అది అందరికీ తెలిసిందే. కుక్కలుంటే ఇంకో గడియారం కూడా ఉంటుంది, అది తిరిగొచ్చేటప్పుడు మొదలవుతుంది. బ్రిటన్‌లో ఇచ్చిన కుక్కల పాస్‌పోర్టు 2021 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో చెల్లదు. వెళ్లేముందు ఆరోగ్య పత్రం రాయించుకోవాలి. మైక్రోచిప్, రేబీస్ టీకా సరే. తిరిగి బ్రిటన్‌లో అడుగుపెట్టేముందు బద్దెపురుగు మందు వేయించాలి. అది 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలకు మించకుండా ఉండాలి. మాత్ర కొనుక్కుని మనమే మింగిస్తే కుదరదు. డాక్టరే వేసి, మందు పేరు, తేదీ, సమయం రాసి, సంతకం పెట్టి ముద్ర కొట్టాలి. నక్కల్లో ఉండే ఆ పురుగు కుక్కల ద్వారా మనిషి కాలేయానికి ఎక్కుతుంది. బ్రిటన్‌లో అది లేదు, రానివ్వరు. నియమం సబబే, నాకేం ఫిర్యాదు లేదు.

కానీ లెక్క వెనక నుంచి వేసుకోవాలి. కిందటేడు, సముద్రం కింది సొరంగంలో బళ్లని ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండ్‌కి దాటించే రైల్లో మా టికెట్ శనివారం మధ్యాహ్నం 12కి. అంటే సోమవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం మధ్యాహ్నం లోపు ఎక్కడో ఓ డాక్టరు దొరకాలి. బుధవారం ఉదయం ఉత్తర ఫ్రాన్స్‌లో ఓ చిన్న ఊళ్లో దొరికాడు. రెండింటికీ కలిపి 60 యూరోల చిల్లర. పన్నెండు కొట్టబోతోంది, ఆయన చూపంతా భోజనం మీద. సీతాలు మాత్రని జీడిపప్పులా నమిలేసింది. భీముడికి చీజ్‌లో పెట్టి ఇస్తే చీజ్ తిని మాత్ర ఉమ్మాడు, మళ్లీ వేయించాం.

సాయంత్రం 70 కిలోమీటర్ల అవతల, సోమ్ నది సముద్రంలో కలిసే చోట సాన్ వలెరీలో ఆగాం. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండ్ మీదికి ఓడలు తోలింది ఇక్కణ్నుంచే. ఆయన్ని ఎవరూ కాగితాలు అడగలేదు. మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని పత్రం తిరగేసి, “ఏవండీ, ఇక్కడ టైమ్ ఖాళీగా ఉంది” అంది. మందు పేరుంది, తేదీ ఉంది, సంతకం ఉంది, ముద్ర ఉంది. సమయం రాయాల్సిన చోట ఏమీ లేదు. రెండు కుక్కల కాగితాల్లోనూ. మేమే పెన్నుతో నింపేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధం ఎందుకు. గురువారం పొద్దున్నే వెనక్కి 70, మళ్లీ ముందుకి 70. డాక్టరు నొచ్చుకుని, సమయం రాసి, పక్కన ఇంకో ముద్ర కొట్టిచ్చాడు. అది చూసుకోకుండా వెళ్లి ఉంటే రైలెక్కే కలే దగ్గర ఆపేసేవారు. మళ్లీ మాత్ర, మళ్లీ 24 గంటలు.

కలేలో కుక్కల కౌంటర్ దగ్గర చిప్ చదివే పరికరం మన చేతికే ఇస్తారు. మెడ మీద ఆనిస్తే బీప్ అంటుంది. కౌంటర్‌లో ఉన్నామె కాగితంలో వేలు పెట్టి మొదట చూసింది ఆ సమయాన్నే. తర్వాత గ్యాస్ కట్టేశారా అని అడిగి రైల్లోకి పంపారు. సొరంగంలో 35 నిమిషాలు, కుక్కలు మా బండిలో మా కాళ్ల దగ్గరే.

వచ్చే చలికాలానికి బళ్లు బుక్ చేసుకునేవాళ్లు మీ వ్యాసాన్ని ఆన్‌లైన్‌లో వెతుక్కుని చదువుతారు. ఫొటో ఉంచినా ఫర్వాలేదు. కింద ‘మంచు’ తీసేసి ‘గొంగళిపురుగుల గూళ్లు’ అని మార్చండి. వ్యాసం చివర 24, 120 అన్న రెండు అంకెలు కూడా చేర్చండి. ఆ ఫొటో తీసినవారి ఫోన్ నంబరు మీ దగ్గరుంటే ఆ కుక్క ఎలా ఉందో కనుక్కోండి. మా ఆవిడ రోజూ అడుగుతోంది.

ఇట్లు,
ఓ రిటైర్డ్ బస్సు డ్రైవర్,
లెస్టర్, ఇంగ్లండ్