చలికి వణికిన కచేరీ, నెల తర్వాత వచ్చిన సమీక్ష

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. హాలు నిండింది, జనం చివరిదాకా కూర్చున్నారు, అయినా పేపర్లో వచ్చిన ఆ ఆరు లైన్లు పట్టుకుని వారం రోజులుగా వయొలిన్ పెట్టె తెరవలేదంటావు. ఇంత టెన్షన్ దేనికిరా? నిన్ను ఓదార్చడం నాకు ఎలాగూ చేతకాదు. ఈమధ్య రాత్రుళ్లు కూర్చుని ఒక పాత కచేరీ గురించి చదువుతున్నాను, ఆ కథ చెప్తాను విను.

1808 డిసెంబరు 22, గురువారం. వియన్నాలో థియేటర్ ఆన్ డేర్ వీన్ అనే నాటకశాల. బీథోవెన్ తన కోసం తానే పెట్టుకున్న బెనిఫిట్ కచేరీ. అంటే మన సినిమాల బెనిఫిట్ షో లాంటిది కాదులే. ఖర్చులు పోను మిగిలింది ఆ సంగీతకారుడి జేబులోకి వెళ్లేది, అంతే. అక్కడ ఈస్టర్‌కి ముందు, క్రిస్మస్‌కి ముందు కొన్నాళ్లు నాటకాలు ఆడనిచ్చేవాళ్లు కాదు. కచేరీలన్నీ ఆ ఖాళీ రోజుల మీదే పడేవి, హాలు దొరకడమే గగనం. ధర్మ కచేరీలకి తన సంగీతం ఇచ్చి, వాయించి, దానికి బదులుగా బీథోవెన్ ఈ ఒక్క రాత్రి దక్కించుకున్నాడు.

దొరక్క దొరక్క దొరికిందని మనవాడు ఏం చేశాడో చూడు. డిసెంబరు 17న వియన్నా పేపర్లో ప్రకటన వేయించాడు. అన్నీ తన రచనలే, అన్నీ కొత్తవే, బయట ఎవరూ విననివే అని. మొదటి భాగంలో పల్లె జీవితం మీద రాసిన సింఫనీ (అంటే ఆర్కెస్ట్రా మొత్తానికి రాసిన పెద్ద రచన), ఒక పాట, లాటిన్ మాస్‌లో, అంటే చర్చి ప్రార్థన సంగీతంలో, ఒక భాగం, ఆర్కెస్ట్రాతో కలిసి తానే పియానో వాయించే కన్సర్టో. రెండో భాగంలో సి మైనర్ సింఫనీ, మాస్‌లో ఇంకో భాగం, ఒంటరిగా పియానో మీద మనోధర్మం, ఆఖర్న పియానో, ఆర్కెస్ట్రా, కోరస్ అన్నీ కలిసిన ఫాంటసీ. అందులో ఆ పాట నిజానికి పాతదే, ప్రకటన కదా, సర్దుకుపోవాలి. ఇవాళ ఐదు, ఆరు అని పిలిచే సింఫనీలు రెండూ లోకం మొదటిసారి విన్నది ఆ రాత్రే. పైగా నంబర్లు తిరగేసి ఉన్నాయి. పల్లె సింఫనీకి ఐదు, సి మైనర్‌కి ఆరు.

సాయంత్రం ఆరున్నరకి మొదలైతే పదిన్నరకి అయింది. హాల్లో ఎముకలు కొరికే చలి.

ఇదంతా ఇంత బాగా తెలియడానికి కారణం రైఖార్ట్ అనే ఆయన. బెర్లిన్ దర్బారులో పనిచేసిన సంగీతకారుడు, ప్రయాణంలో చూసినవన్నీ ఉత్తరాలుగా రాసి తర్వాత పుస్తకం వేశాడు. ఆ రాత్రి లోబ్‌కోవిట్స్ ప్రభువు తన బాక్సులో చోటు ఇచ్చాడు. బాక్సు స్టేజీకి దగ్గర, మధ్యలో లేచిపోతే బీథోవెన్ కంట్లో పడతామని మొహమాటం. చచ్చినట్టు నాలుగు గంటలూ కూర్చున్నారు ఇద్దరూ. మంచిదైనా మరీ ఎక్కువైతే కష్టమే, అందులోనూ బలమైనదైతే ఇంకా కష్టం అని తేల్చాడు రైఖార్ట్. పల్లె సింఫనీ ఒక్కటే బెర్లిన్ దర్బారులో మొత్తం కచేరీకి ఇచ్చే టైము కన్నా ఎక్కువ సాగిందట. ఇక మన ఐదో సింఫనీ! దాని గురించి ఆయన రాసింది ఒక్క ముక్క: పెద్దది, బాగా విస్తరించినది, మరీ పొడుగు. పక్కన కూర్చున్న పెద్దమనిషి, రిహార్సల్లో చూశానండీ, ఒక్క చెల్లో వాళ్ల నొటేషనే ముప్ఫై నాలుగు తావులు ఉంది అన్నాడట. ఇక్కడ నకళ్లు రాసేవాళ్లు కూడా మా ఊళ్లో కోర్టు గుమాస్తాల్లాగే సాగదీస్తారు కాబోలు అని రైఖార్ట్ చురక వేశాడు. లోకమంతా గుర్తుపట్టే ఆ నాలుగు స్వరాలు మొదటిసారి చెవిన పడ్డ మనిషిరా! చలికి చేతులు నలుపుకుంటూ తావులు లెక్కపెట్టుకున్నాడు. నాకైతే ఆయన మీద కోపం రాలేదు, జాలే వేసింది.

ఆర్కెస్ట్రా సంగతి ఇంకా అన్యాయం. అదే రాత్రి ఊళ్లోనే బుర్గ్‌థియేటర్‌లో, చనిపోయిన సంగీతకారుల భార్యాబిడ్డల సహాయనిధికి ఇంకో కచేరీ ఉంది. హైడ్న్ రాసిన ఒరాటోరియో, అంటే వేషాలు లేకుండా పాడే పెద్ద భక్తి కథ. మంచి వాద్యగాళ్లు చాలామంది అటు పోయారు. ఇటు వాయిస్తే సంఘంలోంచి తీసేస్తామని బెదిరించారని, దాని వెనక ఆస్థాన సంగీతకారుడు సాలియేరి ఉన్నాడని బీథోవెన్ ఆరోపణ. ఆరోపణ సంగతి అలా ఉంచు. ఉన్నవాళ్లతోనైనా ఆయనకి సఖ్యత ఉందా అంటే అదీ లేదు. పాట పాడాల్సిన అన్నా మిల్డర్‌తో గొడవ, ఆవిడ రానంది. చివర్లో కిలిట్స్‌కీ అనే చిన్నపిల్లని నిలబెట్టారు. పాపం, ఆ అమ్మాయి పాడిన దానికన్నా వణికిందే ఎక్కువ అని రైఖార్టే రాశాడు.

అసలు రభస ఆఖర్లో. ఆ ఫాంటసీ కచేరీ ముందు హడావుడిగా పూర్తి చేసింది, సరిగ్గా రిహార్సల్ కూడా పడలేదు. సగంలో లెక్క తప్పింది. కొంతమంది ఒక చోట, కొంతమంది ఇంకో చోట. బీథోవెన్ వాయిద్యం ఆపేసి, అందరి ముందూ గట్టిగా అరిచాడు, మళ్లీ మొదటి నుంచి అని! మళ్లీ మొదలుపెట్టారు. నీకు తెలుసు కదా, వేదిక మీద అలా ఆపడమంటే వాద్యగాళ్లకి తల కొట్టేసినట్టే.

ఇప్పుడు పేపరు దగ్గరికి వద్దాం. లైప్‌సిగ్‌లో ఒక సంగీత వారపత్రిక ఉండేది, అల్గెమైన మ్యూజికాలిషె త్సైటుంగ్ అని. అందులో మాటంటే సంగీత లోకంలో చెల్లుబాటు. కచేరీ అయిన రెండు వారాలకి, 1809 జనవరి 7న, బీథోవెన్ ఒక ఉత్తరం రాశాడు. తప్పులు దొర్లాయి, అయినా జనం అన్నీ ఆనందంగా విన్నారు, నేను ఆపి అరిస్తే వాద్యగాళ్లకి కోపం వచ్చింది కానీ జనానికి సరదా వేసింది, ఇక ఇక్కడి రాతగాళ్లు మీ పత్రికకి నా మీద ఏదో ఒక చెత్త పంపుతారు చూడండి అని. ఆ ఉత్తరం ఎవరికనుకున్నావ్? ఆ పత్రిక వేసే బ్రైట్‌కోఫ్ కంపెనీకే! ఆయన సంగీతం అచ్చువేసేదీ వాళ్లే. 1801లోనే, మీ సమీక్షకుల్ని కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయమనండి అన్న ధోరణిలో వాళ్లకి ఒక ఉత్తరం రాసి ఉన్నాడు. అంటే ఎనిమిదేళ్లుగా ఇదే గోల. బీథోవెన్ అంతటివాడు సమీక్ష రాకముందే ఉలిక్కిపడుతుంటే నువ్వెంత, నేనెంత!

జనవరి 25న రానే వచ్చింది. వాయింపు ఏ రకంగా చూసినా బాగోలేదని మొహమాటం లేకుండా రాశారు. ఫాంటసీలో జరిగిన గందరగోళం కూడా వదల్లేదు. కానీ రచనల దగ్గరికి వచ్చేసరికి ఆ విలేకరి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంత పెద్దవి, ఇన్ని ఒకదాని తర్వాత ఒకటి, ఒకే ఒక్కసారి విని తీర్పు చెప్పడం అసాధ్యం అన్నాడు. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చలిలో విసిగిపోయి వచ్చిన మనిషి, నాలుగు వెక్కిరింపులు రాసి చేతులు దులుపుకోవచ్చు. వాయింపు వేరు, రచన వేరు అని విడదీసి చూశాడు. మన పేపర్లలో కచేరీ సమీక్షలు రాసేవాళ్లలో ఎంతమంది ఆ మాట అంటారు చెప్పు?

ఏడాదిన్నర తర్వాత, 1810 జూలైలో, అదే పత్రిక ఐదో సింఫనీ మీద సుదీర్ఘమైన సమీక్ష వేసింది, రెండు సంచికల్లో, పేరు లేకుండా. రాసింది ఈ.టీ.ఏ. హాఫ్‌మన్ అనే జర్మన్ రచయిత. వియన్నాలో ఆ రాత్రి ఆయన లేడు. అచ్చయిన స్వరలిపి ముందేసుకుని, ఒక్కో చరణం ఒక్కో వాద్యం ఎలా వస్తుందో పట్టి చూశాడు. ఈ సంగీతం భయాన్నీ, బాధనీ కదిలించి, అంతులేని తపనని లేపుతుందన్నాడు. మరీ పొడుగు అని రైఖార్ట్ పక్కన పెట్టేసిన ఆ సింఫనీ గురించే ఇదంతా. ఈరోజుకీ ఆ సింఫనీ గురించి మాట్లాడేవాళ్లు ఆ సమీక్షని తలుచుకోకుండా ఉండరు.

కచేరీ కన్నా ఆ చలికాలం బీథోవెన్‌కి కలిసొచ్చింది వేరే దారిలో. వెస్ట్‌ఫాలియా రాజు, నెపోలియన్ తమ్ముడు, ఉద్యోగం ఇస్తాను రమ్మన్నాడు. వెళ్లిపోతున్నాను అని బీథోవెన్ అనేసరికి వియన్నా పెద్దలు ముగ్గురు కంగారుపడి 1809 మార్చిలో ఏడాదికి 4,000 ఫ్లోరిన్లు ఇస్తామని ఒప్పందం రాశారు. కిన్స్కీ 1,800, రుడాల్ఫ్ 1,500, లోబ్‌కోవిట్స్ 700. అదేరా, బాక్సులో గడ్డకట్టుకుపోయిన ఆ లోబ్‌కోవిట్సే.

ఒక్కటి మర్చిపోయాను. అంత విసుగులోనూ రైఖార్ట్ కరిగిపోయిన చోటు ఒకటుంది, పియానో కన్సర్టోలో మధ్య భాగం. బీథోవెన్ ఆ వాద్యం మీద నిజంగా పాడాడు అన్నాడు. అది నాలుగో కన్సర్టో, చాలా చిన్న భాగం, ఐదు నిమిషాలే. తీగ వాద్యాలన్నీ కలిసి గద్దిస్తుంటాయి, పియానో మెల్లగా జవాబు చెప్తుంటుంది. ఈ రాత్రికి అది విను, వయొలిన్ వాడివి, ఆ గద్దింపు నీకు నాకంటే బాగా అర్థమవుతుంది. విని ఎలా ఉందో రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు, పిల్లలకి ముద్దులు.

నీ
మామ